సంగిడిరాళ్ల సీమలో భుజసాధన

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట ప్రాంతం మొదలుకొని విజయనగరం దాకా ఊరి పండగల్లో సంగిడి, అంటే పందెం కట్టి ఎత్తే బరువైన రాయి, యువకుల బలానికి కొలమానంగా ఉంటూ వచ్చింది. రాయి ఎత్తినవాడి పేరు నిలిచింది గాని, ఆ భుజాన్ని అందుకు సిద్ధం చేసిన నిదానమైన సాధనకు చరిత్రలో దక్కవలసిన చోటు దక్కలేదు.

సాముగరిడీలు నేర్పే వ్యాయామశాలలైన తాలింఖానాల్లో దండాలు, బస్కీలు, కర్రసాములతో శరీరాన్ని తీర్చేవారు. మన దేశపు అఖాడాల్లో, అంటే కుస్తీ గోదాల్లో, తరతరాలుగా తిప్పే ముద్గరం తల లావుగా, పిడి సన్నగా ఉండే కొయ్య గద. దాన్ని తల వెనక్కి తీసుకెళ్లి, వీపు మీదుగా జారవిడిచి, మళ్లీ భుజం మీదుగా ముందుకు తెస్తున్నంతసేపూ భుజపుటెముక కదులుతూనే నిలకడగా ఉండాలి. భుజం బంతిగిన్నె కీలే అయినా దాని గిన్నెకు లోతు చాలా తక్కువ కనుక, చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. అందుకే కీలును చుట్టి పట్టుకునే నాలుగు చిన్న కండరాల మీద, భుజపుటెముకను పక్కటెముకలకు ఆనించి ఉంచే కండరాల మీద దాని స్థిరత్వం ఆధారపడుతుంది.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి, ఆ తర్వాత సర్కస్ నడిపారు. కార్లకు కట్టిన గొలుసులను భుజాలకు తగిలించుకొని వాటిని కదలనివ్వని ఆయన ప్రదర్శనను జనం నేటికీ చెప్పుకుంటారు గాని, పిల్లలకు కసరత్తు నేర్పిన ఆ ఉపాధ్యాయుణ్ణి తలచేవారు తక్కువ.

ముద్గరాలను ఇక్కడ చూసిన బ్రిటిష్ సైనికాధికారుల ద్వారా ఆ సాధన ఇంగ్లండుకు చేరగా, 1834లో డొనాల్డ్ వాకర్ తన వ్యాయామ గ్రంథంలో దానికి చోటిచ్చాడు. దీనితో సంబంధం లేకుండానే బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1934 నాటి గ్రంథంలో, బిగుసుకుపోయిన భుజాన్ని వర్ణించాడు. ఆయన పేరుతో నిలిచిన లోలక వ్యాయామంలో రోగి ఒక చేత్తో బల్లను ఆనుకొని, నడుము వంచి, నొప్పి చేతిని వదులుగా వేలాడదీసి, ఒంటి ఊపుతోనే చిన్న చిన్న సున్నాలు చుట్టిస్తాడు. ఇందులో బరువు ఉండదు. గోడకు చేతులానించి చేసే దండం, భుజపుటెముకలను మెల్లగా దగ్గరకు తెచ్చి వదలడం దీని తరువాతి మెట్లు.

ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. న్యాయనిర్ణేతలు సంకేతమిచ్చే దాకా బరువును తలపైన కదలకుండా నిలపాల్సిన ఆ క్రీడలో భుజస్థైర్యమే ప్రాణం.

నొప్పి ఉన్నవారు మాత్రం సంగిడితో గాక లోలకంతోనే మొదలుపెట్టాలి. పడి దెబ్బ తగిలినా, చెయ్యి పైకి లేవకపోయినా, తిమ్మిరెక్కుతున్నా కసరత్తు జోలికి పోకుండా ముందుగా వైద్యునికి చూపించుకోవాలి.