అటవీ నిర్మూలన రహిత సరఫరా నిబంధనలు: మన్యం కాఫీ

అడవి నరికిన నేలలో పండిన సరుకు తన మార్కెట్లోకి రాకూడదని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. పశువులు, కోకో, కాఫీ, ఆయిల్‌పామ్, రబ్బరు, సోయా, కలప అనే 7 సరుకులకు, వాటితో తయారయ్యే చాక్లెట్లు, తోలు, టైర్ల వంటి వస్తువులకు అది వర్తిస్తుంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవిని సాగునేలగా మార్చి పండించినది ఏదీ చెల్లదు. పండించిన దేశపు చట్టాల ప్రకారమూ ఆ సాగు సక్రమంగా ఉండాలి. రెండుసార్లు వాయిదా పడ్డాక పెద్ద, మధ్యతరహా సంస్థలకు 2026 డిసెంబరు 30, చిన్న సంస్థల్లో అధిక భాగానికి 2027 జూన్ 30 గడువుగా నిలిచాయి.

చట్టం ముందు జవాబు చెప్పాల్సింది ఐరోపాలోని దిగుమతిదారు. ఉల్లంఘిస్తే వేయగల గరిష్ఠ జరిమానా, ఐరోపాలో ఆ సంస్థ వార్షిక టర్నోవరులో కనీసం 4 శాతం ఉండాలి. అయితే అతనికి కావలసిన రుజువు మాత్రం తోటలోనే పుడుతుంది. మన దేశపు కాఫీలో అధిక భాగం ఎగుమతయ్యేదే. ఇటలీ, జర్మనీ పెద్ద కొనుగోలుదారులు. కాబట్టి మన్యంలో, అంటే అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎకరం, రెండెకరాల తోట ఉన్న గిరిజన రైతుకూ ఇది దూరపు సంగతి కాదు.

ప్రతి తోట అక్షాంశ రేఖాంశాలను దశాంశ బిందువు తర్వాత ఆరు అంకెల దాకా నమోదు చేయాలి. నాలుగు హెక్టార్లు, అంటే సుమారు పది ఎకరాలు దాటితే హద్దుల వెంట తిరిగి పటం గీయాలి; అంతకు లోపైతే ఒక్క బిందువు చాలు. కాఫీ బోర్డు తన మొబైల్ యాప్‌లో రైతుల నమోదు చేపట్టింది.

తోట కొలవడం కన్నా సరుకును విడిగా ఉంచడం కష్టం. రైతు పండ్లను తొక్క తీసే పల్పర్‌లో వేసి, కడిగి ఎండబెట్టిన పార్చ్‌మెంట్ (పలుచని పొట్టుతో ఉన్న) గింజలు వారపు సంతలో వ్యాపారి కాటా మీదికి వస్తాయి. అక్కడ పది ఊళ్ల గింజలు ఒకే కుప్పలో పడతాయి. ఆ కుప్పలో ఊరూపేరూ తెలియని బస్తా ఒక్కటి కలిసినా మొత్తం లాటు ఐరోపాకు పనికిరాదు. కొనుగోలు సంస్థల సన్నాహం మొదలవ్వాల్సింది ఈ కాటా దగ్గరే: బస్తాకు రైతు సంఖ్య వేయాలి, రశీదు ఇవ్వాలి, గోదాములో వేరుగా పేర్చాలి. ఎగుమతి కార్యాలయంలో కంప్యూటర్ వ్యవస్థ ఎంత గొప్పదైనా, సంతలో రాయని వివరం దానికి తర్వాత దొరకదు.

మన్యం కాఫీకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇక్కడ కాఫీ సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య పెరుగుతుంది. ఉపగ్రహ చిత్రంలో ఆ నీడచెట్లు అడవిలా కనిపించవచ్చు. చట్టం చెట్ల నీడన సాగే తోటను వ్యవసాయంగానే లెక్కిస్తుంది కానీ, ఆ తోట 2020 డిసెంబరు 31 నాటికే ఉందని చూపించాలి. అటవీ హక్కుల పట్టా ఇక్కడ ఆదుకుంటుంది. 2006 చట్టం కింద 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు ఇచ్చిన పత్రం అది. నేల హక్కుకూ పాత సాగుకూ బలమైన ఆధారం. పట్టాలో రాసిన విస్తీర్ణానికీ వాస్తవ సాగుకూ తేడా ఉంటే కొలతల్లో బయటపడుతుంది. అక్కడ రైతుకు తోడు నిలవాల్సిన బాధ్యత కొనుగోలు సంస్థది, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)ది.

2025 మేలో ఐరోపా సమాఖ్య భారత్‌ను అటవీ నిర్మూలన ముప్పు తక్కువగా ఉన్న దేశాల్లో చేర్చింది. దాంతో ఇక్కడి సరుకు దిగుమతి చేసుకునే సంస్థల్లో ఏటా 1 శాతానికే తనిఖీ పరిమితం. సాధారణ ముప్పు దేశాలకు 3 శాతం, ఎక్కువ ముప్పు దేశాలకు 9 శాతం. దీన్ని మినహాయింపుగా తీసుకుంటే దెబ్బతింటారు. దిగుమతిదారుకు ముప్పు అంచనా వేసే పని తప్పుతుందే గానీ తోట వివరాలు ఇవ్వాల్సిందే, రికార్డులు ఐదేళ్లు దాచాల్సిందే.

ఈ కొలతలు, రికార్డుల ఖర్చు ఎవరు భరించాలో చట్టం స్పష్టంగా చెప్పలేదు. అది ధర తగ్గింపు రూపంలో రైతు మీద పడితే ఘోర అన్యాయం. ఐరోపా బేరం కోసం చేసే కొలతకు ఆ బేరం చేసే సంస్థలే డబ్బు పెట్టాలి. కొలిచిన వివరాల నకలు రైతు చేతిలోనూ ఉండాలి. అది కొలిచిన వ్యాపారి దగ్గరే ఉండిపోతే, మరుసటి ఏడు వేరొకరు మంచి ధర ఇస్తామన్నా రైతు అమ్ముకోలేడు.