ఎర్రనేలలో నీటి వికర్షణ: సేంద్రియ పదార్థం, తేమల పాత్ర

బెంగళూరు పరిసరాల ఎర్రనేలల్లో తొలకరి వాన ఇంకకుండా పారిపోతే, పైపొర బిగుసుకుపోవడమే కారణమని వ్యవసాయ సాహిత్యం చాలాకాలంగా చెబుతూ వస్తోంది. ఆ మాట అబద్ధం కాదు గాని, దాని చాటున మరో కారణం మరుగున పడిపోయింది. మట్టి రేణువులపై మైనం వంటి సేంద్రియ పదార్థాలు పూతగా పరుచుకుని నీటిని అంటనివ్వకపోవడమే నీటి వికర్షణ. మట్టిపై వదిలిన నీటిబొట్టు 5 సెకన్లలోపు ఇంకితే అది తడిసే నేల; 60 సెకన్లు దాటితే బలమైన వికర్షణ, గంట దాటితే అత్యంత తీవ్ర వికర్షణ ఉన్న నేల.

తేమ విషయంలో ఎక్కువగా ఉదహరించేది 1994లో పరిశోధకులు డెక్కర్, రిట్సెమా నెదర్లాండ్స్ ఇసుక నేలల ఆధారంగా చెప్పిన సంధి తేమ సిద్ధాంతాన్నే. ఒక నిర్దిష్ట స్థాయికి దిగువన నేల నీటిని వికర్షిస్తుందనీ, ఎగువన తడుస్తుందనీ దాని సారాంశం. తీరపు ఇసుకలో పుట్టిన ఈ ఒంటిగీత కొలబద్దను దక్కను పీఠభూమి ఎర్రనేలకు వర్తింపజేయడం సబబు కాదు. పైపూతలోని అణువులకు నీటిని ఇష్టపడే కొస ఒకటి, కొవ్వు స్వభావం గల కొస ఒకటి ఉంటాయి. నేల ఎండినప్పుడు మొదటిది ఖనిజం వైపు ఒదిగి రెండవది బయటికి తిరుగుతుంది, తడిసినప్పుడు ఆ అమరిక మెల్లగా మారుతుంది. కనుక నేల ఎంత ఎండిందన్నదే కాక ఎంతకాలం ఎండిందన్నదీ లెక్కలోకి రావాలి. 1999లో డెన్మార్క్ నేలలను పరిశీలించిన డి జోంగ్ బృందం, తేమ పెరిగేకొద్దీ వికర్షణ మొదట పెరిగి ఆ తరువాతే తగ్గే నేలలున్నాయని చూపింది. మే నెలలో నాలుగు చినుకులు పడి మళ్ళీ ఎండలు కాసే బెంగళూరు పొలాలకు ఈ వంపు గీతే దగ్గరగా ఉండవచ్చు.

సేంద్రియ పదార్థం పెరిగితే వికర్షణ పెరుగుతుందన్న సూత్రమూ ఇక్కడ నిలవదు. బెంగళూరులోని గాంధీ కృషి విజ్ఞాన కేంద్రంలో 1978 నుంచి మెట్ట రాగిపై సాగుతున్న దీర్ఘకాలిక ప్రయోగంలో హెక్టారుకు 10 టన్నుల పశువుల ఎరువు వేసిన మడుల్లో సేంద్రియ కర్బనం పెరిగింది, ఎరువుకు రసాయనాలు తోడైన చోట దిగుబడి నిలకడగా వచ్చింది. నేల నీటిని బలంగా తిరస్కరించి ఉంటే వానపై ఆధారపడిన రాగి అలా నిలవడం కష్టమయ్యేది. చివికిన పెంట వేరు, మైనం, నూనెలు నిండిన నీలగిరి ఆకు వేరు. కర్బన శాతం ఒకటే అయినా నీటి పట్ల ఆ రెండు నేలల ప్రవర్తన ఒకటి కాజాలదు. ఎర్రనేలలోని కయోలినైట్ బంకమన్ను వికర్షణను తగ్గిస్తుందన్న ఆస్ట్రేలియా పరిశోధకుల అభ్యంతరం గమనించదగినదే. అయినా, 1980ల నుంచి నీలగిరి కమ్ముకున్న కోలారు, బెంగళూరు గ్రామీణ జిల్లాల పొలాల్లో వాన వృథా కావడంలో ఆకుల నుంచి వచ్చే పూతకూ కొంత పాత్ర ఉండవచ్చు.

నమూనాలను 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి పరీక్షించే అలవాటు పొలంలో నేల నీటిని ఎంత వికర్షిస్తుందో తేల్చడానికి పనికిరాదు, ఎందుకంటే ఆ వేడే చాలా నేలల్లో వికర్షణను పెంచుతుంది. నీలగిరి తొలగించి తిరిగి రాగి వేయదలచిన ప్రతి పొలంలోనూ, విత్తే ముందు, నేలలో ఉన్న తేమతోనే బొట్టు పరీక్ష జరిపి, భూసార పత్రంలో కర్బన శాతం పక్కనే ఆ సెకన్లను నమోదు చేయాలి.