ఏడో అంతస్తుకు ఎక్కని భోషాణం

ఇంతవరకు మన ఇంటి చరిత్ర అని రాసిందంతా మనుషుల గురించే. ఎవరు ఏ ఊరినుంచి వచ్చినారు, ఎవరి పెళ్ళి ఎక్కడ జరిగింది, అంగడి ఎప్పుడు మూసినారు, ఇవే. ఈసారి సామాను గురించి రాస్తున్నాము. బెంగళూరులో మా పెద్ద సామాను నేలమీది ఇంటినుంచి మేడకు, అక్కడినుంచి అపార్ట్‌మెంటులో ఏడో అంతస్తుకు ఎట్లా చేరింది, ఏది చేరలేకపోయింది అనేది సంగతి. రెండేళ్ళ కింద ఇల్లు మారినప్పుడు టేపు పట్టుకుని అన్నిటినీ కొలిచినాము. పెద్దవాళ్ళను అడిగి ఏది ఎప్పుడు వచ్చిందో రాసుకున్నాము. అప్పుడు తేలింది ఒకటే: విప్పదీయడానికి వీలైన సామాను నాలుగు తరాలు మాతో నడిచింది, వీలుకానిది ఏదో ఒక వాకిలి దగ్గర ఆగిపోయింది. దానిమీద రాసిపెట్టిన ఇంటి సంగతులు కూడా దానితోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

మాటలు చెప్పే వరస

ముందు మాటలు చూడండి. మంచం, పీట, పెట్టె, చాప, ఉట్టి. ఇవి పాత మాటలు, పాత సామాను. కుర్చీ అరబ్బీనుంచి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. అలమారు పోర్చుగీసువాళ్ళది. బీరువా అనేది 'బ్యూరో' అనే ఫ్రెంచి మాట ఇంగ్లీషు దారిన వచ్చి మారిన రూపం. కన్నడంలో బీరు, తమిళంలో బీరో అంటారు. మేము బడిలో 'బీరు' అనీ ఇంట్లో 'బీరువా' అనీ అంటూ పెరిగినాము. సోఫా అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన చుట్టం. ఈ వరసలోనే సామాను బరువెక్కుతూ వచ్చింది కూడా. చాప చుట్టి చంకన పెట్టుకోవచ్చు. సోఫాకు నలుగురు కావాలి.

పేటలో, వఠారంలో

మా ముత్తాత హిందూపురం వైపునుంచి బెంగళూరు పేటకు వచ్చినారు. 1890లలో ఆ దారిన మీటర్‌గేజి రైలు పడినాక అనంతపురం జిల్లా దక్షిణం వైపు వాళ్ళకు బెంగళూరు పొరుగూరు అయిపోయింది. 1537లో కెంపేగౌడ కట్టించినారని చెప్పే పేట అది. చిక్కపేట, బళేపేట, దొడ్డపేట. దొడ్డపేటనే ఇప్పుడు అవెన్యూ రోడ్డు అంటున్నాము. సందులు ఇరుకు, వాకిళ్ళు ఇంకా ఇరుకు. 1898లో ప్లేగు వచ్చినాక గాలీ వెలుతురూ ఉండాలని మల్లేశ్వరం, బసవనగుడి వేసినారు. పేటలో అంగడి ఉన్నవాళ్ళు మాత్రం చాలామంది పేటలోనే నిలిచినారు. మావాళ్ళూ అంతే. ఒక వఠారంలో, అంటే ఒకే ముంగిలి చుట్టూ వరసగా ఉండే బాడుగ ఇళ్ళలో, నాలుగైదు ఇళ్ళు మారినారు.

అట్లా మారేవాళ్ళకు తగిన సామాను పట్టెమంచం. నాలుగు కోళ్ళు, రెండు పొడుగు పట్టెలు, రెండు అడ్డపట్టెలు. కోళ్ళకు తొలిచిన బెజ్జాల్లో పట్టెల కొసలు దిగుతాయి. నవారు బిగించి అల్లితే ఆ బిగువుకే మంచం నిలుస్తుంది. ఇనుప మేకు ఒక్కటి లేదు. నవారు విప్పితే గంటలో కట్టెల మోపు అవుతుంది, ఎద్దులబండి మీదైనా మనిషి భుజం మీదైనా పోతుంది. మా అవ్వ వాళ్ళింట్లో మంచం విప్పడం, కట్టడం ఆడవాళ్ళకు కూడా వచ్చు. వడ్రంగిని పిలిచే పనే లేదు.

దానికి పూర్తిగా వ్యతిరేకం భోషాణం. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. ఇత్తడి గుబ్బలు కొట్టిన మందమైన పలకలు. పండగ పాత్రలు, పట్టుచీరలు, అంగడి పద్దుపుస్తకాలు అందులోనే. పేరుకే పెట్టె, వేసవిలో పిల్లలు దానిమీద పడుకునేవాళ్ళు. వఠారం వాకిలి రెండున్నర అడుగులే కాబట్టి అది లోపలికి పోలేదట. అప్పుడు ద్వారబంధం ఊడదీసి, భోషాణం లోపల పెట్టి, మళ్ళీ ద్వారబంధం నిలబెట్టినారు. ఈ మాట మా ఇంట్లో తమాషాగా చెప్పుకునేవాళ్ళు. మాకిప్పుడు అది తమాషాగా తోచడం లేదు. ఆ కాలంలో సామాను కోసం ఇంటిని విప్పగలిగినారు. ఈ కాలంలో అపార్ట్‌మెంటు గోడ ఒక్క ఇంటిది కాదు, లిఫ్టు తలుపు ఎవరి సొంతమూ కాదు.

ముప్పై నలభై

1945లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ బోర్డు, దాని తర్వాత 1976లో వచ్చిన బీడీఏ లేఔట్లు వేసి సైట్లు పంచినాయి. ముప్పై అడుగులు, నలభై అడుగులు అనే కొలత బెంగళూరులో ఒక జీవన విధానం అయిపోయింది. మా తాత అట్లాంటి సైటులో ఇల్లు కట్టినారు. తర్వాత పైన ఒకటి, దానిపైన ఇంకొకటి వేసి బాడుగకిచ్చినారు. 'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అని తెలుగులో ఉన్న మాట కన్నడంలోనూ అచ్చంగా అట్లే ఉంది. పై అంతస్తులో బాడుగకుండే వాళ్ళు దానికి 'సామాను ఎక్కించి చూడు' అని చేర్చుకోవాలి. ఎందుకంటే ఆ ఇళ్ళలో మెట్లకు వదిలింది మూడడుగులు. సగంలో ఒక మలుపు, పైన తలకు తగిలే సజ్జా.

ఈ కాలంలోనే ఉక్కు బీరువా ఇంటింటికీ వచ్చింది. బొంబాయిలో 1897లో తాళాలతో మొదలైన గోద్రెజ్ సంస్థ 1923లో ఉక్కు బీరువాల పనిలో దిగింది. తర్వాత ఎవరు చేసినా జనం దాన్ని గోద్రెజ్ బీరువా అనే పిలిచినారు. మా అమ్మ పెళ్ళికి వచ్చినది ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, పందొమ్మిది అంగుళాల లోతు. మలుపులో అది తిరగదు. అందుకని మేడమీది ఇళ్ళకు బీరువాను వీధివైపునుంచి మోకుతో లాగేవాళ్ళు. పైన పిట్టగోడకు గోనెపట్టా కప్పి, ముగ్గురు పైనుంచి లాగితే ఇద్దరు కిందనుంచి గోడకు తగలకుండా కర్రతో నెట్టేవాళ్ళు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువల పక్కన ఉన్న పాత ఇళ్ళకు నెత్తిన ఒక దూలం, దానికి ఇనుప కొక్కెం ఉంటాయి. మెట్లు ఇరుకు కాబట్టి సామానును కిటికీలోనుంచి తీసుకోవాలని కట్టేటప్పుడే అనుకుని పెట్టినవి. మన ముప్పై నలభై ఇళ్ళల్లో ఆ ముందుచూపు లేదు, పిట్టగోడే గతి.

మలుపులో సామాను తిరగడం గణితంలో కూడా పెద్ద చిక్కే. ఒక మీటరు వెడల్పున్న నడవా లంబకోణంలో తిరిగితే దానిలో దూరి పోగల అతిపెద్ద సోఫా ఏది అని 1966లో లియో మోజర్ అడిగినాడు. 1992లో జోసెఫ్ గెర్వర్ ఒక ఆకారం చూపించినాడు, దాని వైశాల్యం సుమారు 2.22 చదరపు మీటర్లు. అంతకంటే పెద్దది ఉండదని 2024 చివరలో కొరియా గణితజ్ఞుడు జినియన్ బెక్ రుజువు ప్రకటించినాడు. అది నేలమీద నెట్టే సోఫా లెక్క. మన హమాలీలు దాన్ని పైకెత్తి, నిలువుగా చేసి, ఒరగబెట్టి తిప్పుతారు. మూడు దిక్కుల లెక్క కాగితం లేకుండా చేస్తారు.

లిఫ్టు లెక్క

మనుషులెక్కే లిఫ్టు 1857లో న్యూయార్కులో ఒక అంగడిలో మొదలైంది, ఎలిషా ఓటిస్ పెట్టినది. బెంగళూరులో 1970లలో ఎం.జి. రోడ్డు మీద 25 అంతస్తుల యుటిలిటీ బిల్డింగ్ లేచినప్పుడు మావాళ్ళు లిఫ్టు చూడడానికే పోయినారట. ఇళ్ళకు లిఫ్టు మామూలు కావడం మాత్రం ఐటీ ఉద్యోగాలతో అపార్ట్‌మెంట్లు పెరిగినాకే.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది ఎక్కడ ఇరుక్కుంటుందో ముందే చూడడం మా వృత్తి. మా లిఫ్టులో '8 మంది, 544 కిలోలు' అని రాసి ఉంది. మన దేశంలో లిఫ్టుకు మనిషికి 68 కిలోల లెక్క. లోపల వెడల్పు 130 సెంటీమీటర్లు, లోతు 110, తలుపు 80, తలుపు ఎత్తు 200. దీనికి మా సామాను పెట్టి చూడండి.

ఉక్కు బీరువా ఎత్తు 198. నిలువుగా, పక్కవాటుగా పోతే పడుతుంది, పైన రెండు సెంటీమీటర్లే ఖాళీ. కింద చక్రాల బండి పెడితే పట్టదు, చేతులతో జరపాల్సిందే. ఆరడుగుల వెడల్పు పరుపు 183 సెంటీమీటర్లు. లిఫ్టులో మూలనుంచి మూలకు 170 మాత్రమే. మడవని పరుపైతే మెట్లే గతి. ఐదడుగుల పరుపు ఆరంగుళాల మందమైతే మూలవాటుగా ఇముడుతుంది, ఎనిమిది అంగుళాలైతే వంచాలి. ఏడడుగుల సోఫా 213, నిలబెడితే తలుపు పైకమ్మీకి తగులుతుంది. అదీ మెట్లమీదనే. పట్టెమంచం పట్టె మాత్రం ఆరడుగుల మూడంగుళాలు, చేత్తో పట్టుకుని లిఫ్టులో నిలబడి పోయినాము.

మెట్లమీద ఏడంతస్తులు అంటే మోసేది మనుషులు. ఒక మనిషి చేత్తో మోసే బరువు 55 కిలోలకు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మా సోఫా మోసిన నలుగురిలో ఇద్దరిది ఒడిశా, ఒకరిది బీదరు, ఒకరిది రాయచూరు. రాయచూరాయన తెలుగు మా తెలుగుకంటే చక్కగా ఉంది. 'మూడో అంతస్తు దాటినాక అంతస్తుకింత అని ముందే మాట్లాడుకోండన్నా, పైకి పోయినాక బేరమాడితే ఇద్దరికీ బాగుండదు' అని ఆయనే చెప్పినాడు. న్యాయమైన మాట. రాసిపెట్టుకోండి.

మూత మాత్రం వచ్చింది

భోషాణం లెక్క కూడా ముందే చేసినాము. మూడడుగులు అంటే 91 సెంటీమీటర్లు, లిఫ్టు తలుపు 80. ఏ వైపు తిప్పినా 91 కంటే తగ్గదు. మెట్లమలుపులో పలక పగులుతుంది. బాల్కనీకి ఇనుప చట్రం ఉంది, దాన్ని విప్పడానికి అపార్ట్‌మెంటు సంఘం ఒప్పుకోలేదు. వడ్రంగి వచ్చి చూసి, అడుగు, పక్కలు విప్పితే పలకలు మళ్ళీ కలవవు, మూత ఒక్కటే బందుల చీల తీస్తే వస్తుంది అన్నాడు.

అమ్మేద్దామని ఇంట్లో కొందరన్నారు. పాత సామాను కొనేవాళ్ళు కొలత అడగక ముందే ధర చెప్పినారు. అప్పుడు మా పెద్దత్త మూత తీసి లోపలి వైపు చూపించింది. తారులాంటి నల్లరంగుతో తెలుగులో వరసగా రాసి ఉంది. పుట్టినవాళ్ళ పేర్లు, తిథులు, ఒక పెళ్ళి, రెండు చావులు. చివరి గీత మా నాన్న పుట్టుకది. మేమంతా కన్నడ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు లిపి పెద్దయినాక నేర్చుకున్నాము. కన్నడంలో తలకట్టు ఉన్నచోటే తెలుగులోనూ ఉంటుంది కాబట్టి చదవడం కష్టం కాలేదు, కానీ చిన్నప్పుడు ఆ మూత ఎన్నోసార్లు ఎత్తినా అవి మాకు మరకలే. ఆ పూట పెద్దత్త వేలు పెట్టి చదువుతుంటే మేము కూడా ఒక్కో అక్షరం కలిపి చదివినాము. అందులో మా ఎవరికీ తెలియని ఒక ఆడపిల్ల పేరు ఉంది, పక్కనే రెండు నెలల తర్వాతి తిథి. అవ్వ తొలి బిడ్డ అట. ఆ బిడ్డ పేరు ఇంకెక్కడా లేదు.

పెట్టె అమ్మలేదు. అడుగు భాగం హిందూపురం దగ్గర చుట్టాల ఇంటికి లారీలో పోయింది. అది నేలమీది ఇల్లు, వాకిలి వెడల్పు నాలుగడుగులు. వడ్లు పోసుకుంటున్నారు. మూత లిఫ్టులో నిలువుగా ఏడో అంతస్తుకు వచ్చింది. రాత బయటికి కనబడేటట్లు గోడకు నిలబెట్టినాము. దాని కింద మా తరం పిల్లల పేర్లు ఇంకా రాయలేదు. తెలుగులోనా, కన్నడంలోనా అనే మాట ఇంట్లో తెగలేదు. రెండింటిలో రాయమని పెద్దత్త అంటోంది.

మళ్ళీ విప్పి కట్టేది

1956లో స్వీడన్‌లో ఐకియా కాళ్ళు విప్పి డబ్బాలో పెట్టిన బల్ల అమ్మింది, బండిలో పట్టాలని. ఆ సంస్థ మన దేశంలో మొదటి అంగడి 2018లో హైదరాబాదులో తెరిచింది, 2022లో బెంగళూరు నాగసంద్రకు వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో కొత్త మంచం అట్లాంటి డబ్బాలోనే వచ్చింది. పద్ధతి పట్టెమంచం పద్ధతే. తేడా ఏమంటే, రంపపు పొట్టు అతికిన పలకను రెండుమూడుసార్లు విప్పితే మర పట్టు వదులుతుంది. టేకు పట్టె నాలుగు తరాలు విప్పించుకుంది.

మీ ఇంట్లో నేల విడిచి పైకి పోయే రోజు వస్తే, సామానుకంటే ముందు లిఫ్టు తలుపు కొలవండి. దానికంటే ముందు ప్రతి పెట్టె మూత లోపల, బీరువా వెనక, మంచం పట్టె అడుగున చూడండి. చెన్నైలో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళలో ఇట్లాంటి రాతలు ఉండే ఉంటాయి. ఏ లిపిలో ఉన్నా ఫోటో తీసి, చదవగలిగిన పెద్దవాళ్ళు ఉన్నప్పుడే చదివించి రాసుకోండి. మాకూ పంపండి.