సూపర్ లైను దాటకముందే

రన్ నొక్కారు. విండో రాలేదు. కింద కన్సోల్ నిండా ఎర్రటి అక్షరాలు: నల్ పాయింటర్ ఎక్సెప్షన్. జావా 15 నుంచి ఈ ఎర్రర్ కాస్త వివరంగానే వస్తోంది. దిస్ డాట్ హిస్టరీ నల్‌గా ఉందట, అందుకే దాని మీద యాడ్ పిలవడం కుదరలేదట.

వెంటనే డిక్లరేషన్ చూస్తారు. హిస్టరీ అక్కడే ఉంది, పక్కనే ఈక్వల్ టు న్యూ అరేలిస్ట్ కూడా ఉంది. మరి నల్ ఎలా అయింది?

కోడ్ చిన్నదే. స్వింగ్‌లోని జేలేబుల్‌ని ఎక్స్‌టెండ్ చేశారు. తెర మీదికి వచ్చే ప్రతి మాటా లిస్టులో చేరాలని సెట్‌టెక్స్ట్‌ని ఓవర్‌రైడ్ చేశారు. మెయిన్‌లో 'స్వాగతం' అంటూ ఒక లేబుల్ సృష్టించి విండోలో పెట్టారు, అంతే.

స్టాక్ ట్రేస్‌ని కింది నుంచి చదవండి. మెయిన్. దాని పైన మీ కన్‌స్ట్రక్టర్. ఆ పైన రెండు లైన్లు జేలేబుల్ కన్‌స్ట్రక్టర్లవి. అన్నిటికంటే పైన మళ్లీ మీ సెట్‌టెక్స్ట్. చాలామంది పై లైను ఒక్కటే చూసి వదిలేస్తారు. మీరు ఆ జేలేబుల్ లైన్ల దగ్గర ఆగండి. సెట్‌టెక్స్ట్‌ని పిలిచింది మీరు కాదు, పేరెంట్.

యాడ్ లైను మీద బ్రేక్‌పాయింట్ పెట్టి డీబగ్‌లో నడపండి. ఆగింది. వేరియబుల్స్‌లో హిస్టరీ నల్. కింది ఫ్రేముల్లో మీ కన్‌స్ట్రక్టర్ మీద క్లిక్ చేస్తే ఇంకా సూపర్ లైను మీదే ఉంది. జావా ముందు ఫీల్డులన్నిటినీ నల్‌తో, సున్నాలతో ఉంచి పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ని నడుపుతుంది. అది పూర్తయ్యాకే మీ ఈక్వల్ టు లైన్ల వంతు. ఈలోగా పేరెంట్ సెట్‌టెక్స్ట్ అంటే మాత్రం పిలుపు నేరుగా చైల్డ్ మెథడ్‌కే వస్తుంది. సీ షార్ప్‌లో ఫీల్డులకు విలువలు ముందే పడతాయి. సీ ప్లస్ ప్లస్‌లో ఆ పిలుపు పేరెంట్ మెథడ్‌కే వెళ్తుంది. ఆ భాషల అలవాటుతో వచ్చినవాళ్లకు ఇది అంత తేలిగ్గా తట్టదు.

ఇఫ్ నల్ అయితే కొత్త లిస్టు చేద్దాం అనిపిస్తుంది. చేసి చూడండి. విండో వచ్చింది. ఇప్పుడు లిస్టు ప్రింట్ చేయండి: 'స్వాగతం' లేదు! సూపర్ నుంచి తిరిగి రాగానే ఈక్వల్ టు లైను నడిచి, ఆ లిస్టు స్థానంలో ఖాళీది పెట్టేసింది. నాకు క్రాష్ కంటే ఇదే ఎక్కువ భయం. క్రాష్ ఇవాళే దొరికింది; ఇలా పోయిన డేటా సంగతి ఎప్పుడో కస్టమర్ అడిగితేగానీ బయటపడదు.

ఆ ఇఫ్ తీసేయండి, ఓవర్‌రైడ్ కూడా. టెక్స్ట్ మారినప్పుడల్లా జేలేబుల్ ప్రాపర్టీ చేంజ్ ఈవెంట్ పంపుతుంది. కన్‌స్ట్రక్టర్‌లో సూపర్ తర్వాత, మొదటి మాటను గెట్‌టెక్స్ట్‌తో తీసుకుని లిస్టులో వేసి లిజనర్ తగిలించండి. జావా 25లో అయితే ఓవర్‌రైడ్‌ని ఉంచుకునే, డిక్లరేషన్‌లోని ఈక్వల్ టు తీసేసి, సూపర్ కంటే ముందే హిస్టరీకి లిస్టు ఇవ్వొచ్చు. అయినా నేను లిజనర్ వైపే మొగ్గుతాను. పేరెంట్ తన కన్‌స్ట్రక్టర్‌లో ఏ మెథడ్‌ని పిలుస్తుందన్నది మన చేతుల్లో లేదు.

బ్రేక్‌పాయింట్ తీసేముందు ప్రాజెక్టంతా ఒకసారి అప్‌డేట్‌యూఐని ఎక్కడైనా ఓవర్‌రైడ్ చేశారేమో వెతకండి. జేలేబుల్ కన్‌స్ట్రక్టర్ దాన్ని కూడా పిలుస్తుంది.