ఉత్తరము వ్రాయలేని శ్రోత



రేడియోలో 15 నిమిషాల సందేశము వింటాము. పాట వస్తుంది, వాక్యము వస్తుంది, చివర చిరునామా చెబుతారు, అంతటితో ముగుస్తుంది. షార్ట్‌వేవ్ రోజులలో ఆ 15 నిమిషాలు మన చెవిదాకా రావడానికి ఎంత దూరము ప్రయాణము చేసేవో, ఎందరి చేతులు దాటేవో మనలో చాలామందికి తెలియదు. ఆ చరిత్రను ఈ నెల కొంచెము తెలిసికొందాము.

మన తెలుగు సందేశాలు పరదేశమునుండి ఎందుకు రావలసి వచ్చింది? మనదేశంలో రేడియో ఎంతోకాలము ప్రభుత్వము చేతిలోనే ఉంది. ఆలిండియా రేడియో అనే పేరు 1936లో వచ్చింది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. అయితే ఏ సంఘమూ సొంత స్టేషను పెట్టుకొనే వీలు లేదు. ప్రసార తరంగాలు ప్రజల సొత్తు అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఆ తరువాత ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్లు వచ్చినా, ఏ మతసంస్థకూ లైసెన్సు ఇవ్వకూడదని నియమము పెట్టారు. కాబట్టి సందేశము సరిహద్దు ఆవలినుండే రావలసి వచ్చింది.

ఇటువంటి ప్రసారాలు లోకములో అప్పటికే ఉన్నాయి. 1931లో సరిగ్గా క్రిస్మస్ దినాన, దక్షిణ అమెరికాలోని క్విటో పట్టణంలో హెచ్.సి.జె.బి. అనే మిషనరీ స్టేషను మొదలైంది. గొర్రెలపాకలో పెట్టిన 250 వాట్ల చిన్న యంత్రమే దాని పెట్టుబడి. 1948లో మనీలానుండి ఫార్ ఈస్ట్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ప్రసారాలు ఆరంభించింది. దాని సోదర సంస్థ అయిన ఫీబా 1970లో హిందూ మహాసముద్రములోని సీషెల్స్ ద్వీపములనుండి ప్రసారము మొదలుపెట్టింది. అక్కడ తీరానికి ఆవల, సముద్రములోని పగడపు దిబ్బలమీద ఏరియల్ స్తంభాలు నిలబెట్టారు. ఆ ద్వీపానికీ మన ఊళ్ళకూ మధ్య దూరము 3,000 కిలోమీటర్లకు పైమాటే. అయినా ఇతర భారతీయ భాషలతోపాటు మన తెలుగు కూడ అక్కడినుండి వినిపించింది.

కార్యక్రమము మాత్రము అక్కడ తయారయ్యేది కాదు. బెంగుళూరు మొదలైన పట్టణాలలోని స్టూడియోలలో రికార్డు చేసేవారు. ముందు ప్రసంగాన్ని కాగితముమీద వ్రాసి, సమయము చూసుకొని చదివేవారు. స్టూడియో టేపు సెకనుకు 19 సెంటీమీటర్ల వేగముతో తిరిగితే, 15 నిమిషాల కార్యక్రమానికి సుమారు 170 మీటర్ల టేపు పడుతుంది. తప్పు దొర్లిన చోట బ్లేడుతో కోసి, మంచి భాగాలను అతికించేవారు. ఆ టేపులు పార్సెలుగా ద్వీపానికి చేరేవి. రికార్డు చేసిన దినానికీ ప్రసారమయ్యే దినానికీ మధ్య వారాలు గడిచిపోయేవి. అందుకే ప్రసంగీకుడు "నిన్న కురిసిన వాన" అనీ "ఈ ఉదయము పేపరులో చూశాము" అనీ చెప్పడానికి లేదు. ఎప్పుడు విన్నా నిలిచే మాటనే ఏరుకోవలసి వచ్చేది.

ఇక ఆ మాట సముద్రము దాటేది ఎట్లా? ప్రసారయంత్రము స్వరాన్ని రేడియో తరంగముమీద ఎక్కిస్తుంది. భూమికి 100 కిలోమీటర్లకు పైన, సూర్యకాంతివలన విద్యుత్ శక్తి పొందిన పొరలు ఉన్నాయి. షార్ట్‌వేవ్ తరంగము వాటిని తాకి వంగి, వేల కిలోమీటర్ల ఆవల భూమిమీదికి దిగుతుంది. సూర్యునినిబట్టి, ఋతువునుబట్టి ఆ పొరలు మారుతూ ఉంటాయి. అందుకే స్టేషన్లు సంవత్సరానికి రెండుసార్లు, మార్చిలోను అక్టోబరులోను, తమ మీటర్లు మార్చుకుంటాయి. శ్రోత 25 మీటర్లలోనో 31 మీటర్లలోనో ముల్లు త్రిప్పుతూ వెదకుకోవాలి. స్వరము కెరటమువలె దగ్గరకు వచ్చి దూరమయ్యేది. రేడియో చెవికి ఆనించుకొని వినేవారు.

ఇంత ప్రయాసపడి పంపినా, ఎవరైనా విన్నారో లేదో తెలిసేది ఎట్లా? ఉత్తరము ఒక్కటే ఆధారము. పోస్టుకార్డు వస్తే జవాబు వెళ్ళేది, బైబిలు పాఠాలు వెళ్ళేవి. ఏ భాషలో ఎన్ని ఉత్తరాలు వచ్చాయో లెక్క వేసేవారు. ప్రియులారా, ఇక్కడే మనము ఆగి ఆలోచించాలి. 1971 జనాభా లెక్కల ప్రకారము అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి 25 మందికన్న తక్కువ. స్త్రీలలోనైతే నూటికి సుమారు 16 మందే. రేడియో వినడానికి చదువు అక్కరలేదు, ఉత్తరము వ్రాయడానికి చదువు కావాలి. చదువురానివారికోసమే ఎక్కువగా పనికివచ్చే ఈ పరిచర్య తన ఫలాన్ని చదువువచ్చినవారి ఉత్తరాలతో కొలుచుకొంది. పొయ్యి దగ్గర కూర్చొని విన్న తల్లి, పొలము గట్టుమీద విన్న కూలి ఆ లెక్కలోనికి రాలేదు. ఇంట్లోవారికి తెలియకుండ విన్నవారు వ్రాయగలిగినా వ్రాయలేదు.

2003లో సీషెల్స్‌లోని ఫీబా షార్ట్‌వేవ్ కేంద్రము మూతపడింది. ఖర్చులు పెరిగాయి, వినే పద్ధతులు మారాయి. కార్యక్రమాలు వేరే దారులు వెదకుకొన్నాయి. ఎఫ్.ఎం. వచ్చింది, తరువాత సెల్‌ఫోను వచ్చింది. అయితే పాత ట్రాన్సిస్టరు తప్ప మరొకటి లేని శ్రోతకు ఆ మార్పునుగూర్చి ఎవరు చెప్పగలరు? అతని చిరునామా ఎవరి దగ్గరా లేదు. ఒక సాయంకాలము ముల్లు త్రిప్పితే ఆ స్వరము లేదు, అంతే.

ఈ దినాలలో సందేశము ఫోనులో పెట్టిన గంటకే ఎందరు చూశారో అంకె కనబడుతుంది. అంకె చూసి సంతోషించడము తప్పు కాదు. కాని అంకెలోనికి రానివారు నేటికీ ఉన్నారు. వారిని గొఱ్ఱెల కాపరి ఎరుగును. మన సంఘములో ఫోను లేని వృద్ధులు, చదువురాని తల్లులు ఎవరో ఈ వారము పేరుపేరునా జ్ఞాపకము చేసికొందాము. వారి ఇంటికి వెళ్ళి, ప్రక్కన కూర్చొని, వాక్యము చదివి వినిపిద్దాము. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.