ఐదు తరాల చేను

మనలో చాలామందికి ఊళ్ళో ఎంతో కొంత పొలం ఉంది. ఉంచాలా, అమ్మాలా అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు ఫోనులో వస్తూనే ఉంటుంది. మా ఇంట్లోనూ వచ్చింది. దానికి జవాబు వెతుక్కుంటూ నేను మా పొలం చరిత్ర కొంత తవ్వి చూశాను. ఈ వారం అదే మీతో చెప్పుకుంటాను.

పొలం పశ్చిమ గోదావరి డెల్టాలో ఉంది. కాలవ కింద నాలుగెకరాల వరిచేను. 2021లో నాన్నగారు పోయాక ఆయన ట్రంకు పెట్టెలో పాత దస్తావేజుల కట్ట దొరికింది. అందులో అన్నిటికన్నా పాతది 1880ల నాటి క్రయపత్రం. మా తాతగారి తాత పన్నెండెకరాలు కొన్న కాగితం అది. అక్కణ్ణించి నా దాకా లెక్కపెడితే ఐదు తరాలు.

ఆయన తండ్రికి భూమి కొనే స్తోమత ఎందుకు లేదు, ఆయనకి ఎలా వచ్చింది? దానికి జవాబు మా ఇంటి కాగితాల్లో లేదు, గోదావరి మీద ఉంది. 1830లలో ఆ ప్రాంతం తుఫాన్లతో, కరువులతో చితికిపోయింది. నది నిండా నీళ్ళు పారుతున్నా అవి సముద్రంలో కలిసేవి, చేలు ఎండేవి. 1821లో ఏడు లక్షల ముప్పైఎనిమిది వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి ఐదు లక్షల అరవైఒక్క వేలకి పడిపోయింది. కొందరు చచ్చిపోయారు, కొందరు వలసపోయారు. 1844లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టాలని నివేదిక రాశాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. కాటన్ కుడిభుజంగా నిలబడి పని నడిపించిన మనవాడు వీణెం వీరన్న. రాళ్ళు మోసిన వేలాది కూలీల పేర్లు మాత్రం మనకి మిగల్లేదు.

విజ్జేశ్వరం దగ్గర తూము ఎత్తితే పశ్చిమ డెల్టాకి నీళ్ళు. ఆ నీళ్ళొచ్చాక వర్షం కోసం ఆకాశంకేసి చూసే నేల వరిపొలమైంది. మా తాతగారి తాత కష్టజీవే, కాదనను. కానీ కాలవ లేకపోతే ఆయన కష్టానికి పన్నెండెకరాలు వచ్చేవి కావు. మా వంశంలో "మా పెద్దాయన సంపాదించాడు" అని చెప్పుకునే కథలో గోదావరి వాటా ఎప్పుడూ వినపడలేదు.

కట్టలో రెండో ముఖ్యమైన కాగితం తాకట్టు పత్రం. 1929 తరవాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది కదా, అది మా ఊరికీ వచ్చింది. ధాన్యం ధర దాదాపు సగానికి పడింది. శిస్తు మాత్రం రూపాయల్లోనే కట్టాలి, అప్పుకి వడ్డీ రూపాయల్లోనే కట్టాలి. అంటే అదే రూపాయికి రెట్టింపు గింజలు కొలవాలి. మా ముత్తాత నాలుగెకరాలు తాకట్టు పెట్టారు. 1938లో మద్రాసు ప్రభుత్వం రాజాజీ హయాంలో రైతు రుణ విముక్తి చట్టం తెచ్చి పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీల భారం తగ్గించింది. ఆ చట్టం వచ్చేసరికే మా నాలుగెకరాలు చేతులు మారిపోయాయి. మిగిలిన ఎనిమిది తాతగారు, ఆయన అన్నగారు పంచుకున్నారు. మా వాటా నాలుగు.

తాతగారి రోజుల్లో ఇంకో మలుపు. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 8 అనే పొట్టి వంగడం విడుదల చేసింది. మరుసటి ఏడాదే ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి చూపించి "మిస్టర్ ఐఆర్ 8" అని పేరు తెచ్చుకున్నారు. తాతగారు కూడా ఆ విత్తనం వేశారు. దిగుబడి చూసి ఆయన మురిసిపోతే, అన్నం వండిన నాయనమ్మ "ఇవి బియ్యమా, గులకరాళ్ళా?" అందట. తరవాత 1982లో మా జిల్లాలోనే ఉన్న మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వచ్చింది. అప్పటికి ఊళ్ళో సార్వా, దాళ్వా రెండు పంటలూ మామూలైపోయాయి.

ఇంతవరకు చెప్పింది కాగితాల్లో ఉన్న చరిత్ర. నాన్నగారి పెట్టెలోనే తాతగారి జమాఖర్చు పుస్తకం కూడా ఉంది. అందులో ప్రతి ఏటా ఒక పద్దు కనిపిస్తుంది: పాలేరుకి ఇన్ని బస్తాల ధాన్యం, జత బట్టలు, జత చెప్పులు. పేరు లేదు, "పాలేరు" అని మాత్రం ఉంది. ఎవరా అని అడిగితే, ఇప్పుడు మా పొలం కౌలుకి చేస్తున్న ఆయన "మా తాతేనండి" అన్నాడు. ఆ తాత పాలేరుగా చేశాడు. నాన్నగారికి పట్నంలో ఉద్యోగం వచ్చాక ఆ తాత కొడుకు కౌలుకి తీసుకున్నాడు. ఇప్పుడు మనవడు. మాకు ఐదు తరాల చేను అయితే, వాళ్ళకి మూడు తరాల చేను. అందులో చివరి రెండు తరాల్లో మా వాళ్ళెవరూ మడిలో కాలు పెట్టలేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన సార్వా పనలు చేలోనే నానిపోయాయి. ఆయన ఫోన్ చేసి "గింజ మొలకొచ్చేసిందండి అబ్బాయిగారూ, ఈసారి కౌలు ఇవ్వలేను" అన్నాడు. కౌలు వద్దన్నాను, మంచిపని చేశాననుకున్నాను. తరవాత తెలిసింది, రికార్డులో ఉన్నది పోయిన మా నాన్నగారి పేరు. విత్తిన మనిషి పేరు ఏ కాగితం మీదా లేదు. పంట రుణం లేదు, నష్టపరిహారం అడగడానికి ఆధారమూ లేదు.

తప్పు ఎవరిదో వెతకక్కర్లేదు. కౌలురైతుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం చేస్తే కౌలుదారుకి కార్డు వస్తుంది, యజమాని హక్కుకి ఏ నష్టమూ ఉండదు. ఆయన నాన్నగారిని రెండుసార్లు అడిగాడట. "కాగితం రాస్తే పొలం పోతుంది" అన్న పాత భయంతో నాన్నగారు సంతకం పెట్టలేదు. నాన్నగారు పోయాక నేనూ పట్టించుకోలేదు.

పోయినసారి ఊరెళ్ళి ముందు పట్టా మార్పించాం. నా పేరు, మా చెల్లెలి పేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా ఈ చేను కాగితాల్లో ఒక ఆడమనిషి పేరు ఎక్కడం ఐదు తరాల్లో ఇదే మొదలు. మా మేనత్తకి పెళ్ళి ఖర్చు తప్ప చేలో సెంటు కూడా ఇవ్వలేదు. ఆవిడ మాత్రం ఇప్పటికీ "ఏడాదికి రెండు బస్తాల మన చేలో బియ్యం పంపించరా, చాలు" అంటుంది. ఆ తరవాత కౌలు ఒప్పందం మీద అన్నాచెల్లెళ్ళిద్దరం సంతకం చేశాం. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకుని, నీళ్ళు పెట్టాలంటూ చేలోకి వెళ్ళిపోయాడు.

ఇక అమ్మడం సంగతి. ప్రవాసులం వ్యవసాయ భూమి కొనలేం గానీ, వారసత్వంగా పొందవచ్చు. అమ్మితే మాత్రం భారతదేశంలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి. మా పిల్లలు ఏదో ఒక రోజు అమ్ముతారేమో. వాళ్ళకి నేను చెప్పిపెట్టింది ఒకటే: ముందుగా ఆ మూడు తరాల కుటుంబాన్ని అడగండి, ధర దగ్గర బేరం గట్టిగా ఆడకండి.

ఈ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు మీరు కూడా ఆ పెట్టె తెరవండి. దస్తావేజుల్లో ఉన్న పేర్లు పిల్లలకి చదివి వినిపించండి. తరవాత చేలోకి వెళ్ళి, అక్కడ పని చేస్తున్న వాళ్ళని వాళ్ళ తాతల పేర్లు అడిగి, ఆ కాగితాల పక్కనే రాసిపెట్టండి. నేను రాశాను.

సెలవు.