పన్నెండు గుంజల పందిరి

మా అవ్వ ఏ పెళ్లికి వెళ్లినా ముందు పందిరి గుంజలు లెక్కపెట్టేది. వీధి మలుపులో ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెదవులు మాత్రం కదుపుతూ ఒక్కో గుంజ మీదికీ చూపు జరిపేది. పన్నెండూ తేలాక "సరే, పదవే" అని నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచేది.

1960ల సంగతి ఇది. మద్రాసు జార్జిటౌన్‌లో కొత్వాల్ చావడికి రెండు వీధుల అవతల ఉండేవాళ్లం. కూరగాయల బస్తాలు, గోవిందప్ప నాయకన్ వీధి కిరాణా కొట్లు, కన్యకా పరమేశ్వరి గుడి గంటలు, ఇదీ మా లోకం. ఒకసారి అడిగాను.

"ఎందుకవ్వా ఆ లెక్క?"

"మా అమ్మ లెక్కపెట్టేదే. మన పందిరికి పన్నెండుండాల."

"పదకొండే ఉంటే?"

"ఛీ, అది మనది కాదు."

మరి ఎవరిదంటే ఆమె దగ్గర జవాబు లేదు. కారణం ఎప్పుడో మాసిపోయింది. ఆ "ఛీ" మాత్రం చెక్కుచెదరలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యాక, ఆ ఛీ ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పాత పుస్తకాలు తిరగేశాను. సర్కారు వాళ్లు రాయించిన ఒక పాత గ్రంథంలో అవ్వ లెక్క దొరికింది. కుడిచేతి కులాల పెళ్లి పందిరికి పన్నెండు గుంజలు, ఎడమచేతి కులాలకు పదకొండు. ఊరేగింపులో గుర్రమెక్కడం, కోతి బొమ్మ ఉన్న జెండా పట్టడం కూడా తమ సొంత హక్కులని కుడిచేతివాళ్లు వాదించేవాళ్లట.

కుడిచెయ్యి, ఎడమచెయ్యి అంటే ఈ తరం పిల్లలకు అర్థం కాదు. అరవంలో వలంగై, ఇడంగై అంటారు. తమిళ, తెలుగు, కన్నడ సీమల్లో ఎన్నో వందల ఏళ్లు చాలా కులాలు ఈ రెండు జట్లుగా చీలి ఉండేవి. చెన్నపట్నంలో కోమట్లు, బలిజలు, వెల్లాలలు కుడివైపు. బేరిశెట్లు, కంసాలి మొదలైన పాంచాలురు ఎడమవైపు. కోమటీ బేరిశెట్టీ ఇద్దరూ వర్తకులే. ఈస్టిండియా కంపెనీకి బట్టల బేళ్లు అందించేది ఇద్దరూ. బేరిశెట్ల ఇళ్లలోనూ తెలుగు వినిపించేది. అయినా ఒకరి పెళ్లి మేళం ఇంకొకరి వీధిలో మోగితే నెత్తురు చిందేది.

కంపెనీ వాళ్లకు ఇక్కడ చోటు దొరికింది 1639లో. పదమూడేళ్లు తిరిగేసరికి, 1652లోనే, రెండు చేతుల మధ్య మొదటి పెద్ద గొడవ రేగింది. అన్నిటికన్నా పెద్దది 1707లో, థామస్ పిట్ గవర్నరుగా ఉన్నప్పుడు. ఎడమచేతివాళ్ల పెళ్లి ఊరేగింపు ఒకటి కుడిచేతివాళ్ల వీధిలోంచి వెళ్లింది. అంతే, పట్నం రెండయింది. కుడిచేతివాళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదిలి పక్కనున్న శాంథోముకు తరలిపోయారు. వాళ్లతో పాటు పడవలవాళ్లూ కదిలారు. రేవు లేని ఊరది. ఓడ దూరాన సముద్రంలో నిలిస్తే, అలల మీదుగా సరుకు ఒడ్డుకు చేర్చాల్సింది వీళ్లే. వీళ్లు చేతులెత్తేస్తే కోటలో గవర్నరుకు కాలూ చెయ్యీ ఆడదు.

గొడవ అడుగున వ్యాపారం ఉందన్నదీ నిజమే. అంతకు ముందు బట్టల కాంట్రాక్టు మీద కుడిచేతి వర్తకులదే పట్టు. పిట్ ఎడమచేతి వర్తకులతో కొత్త ఒప్పందం కుదుర్చుకుని ఆ పట్టు సడలించాడు. కానీ పడవ లాగేవాడికి ఆ కాంట్రాక్టులో దక్కేదేముంది? వాడు ఇల్లు వదిలింది లాభం కోసం కాదు. "మన వీధిలో వాళ్ల మేళమా" అని పక్కింటివాడు అన్నాడు, ఎదురింటివాడు మూట కట్టాడు. వీధి వీధంతా లేచిపోతుంటే తానొక్కడే మిగిలితే రేపు ఎవరితో మాట్లాడాలి, బిడ్డకు సంబంధం ఎక్కణ్ణుంచి తేవాలి? ఆ భయాన్నే వాడు పౌరుషం అనుకున్నాడు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

చివరికి పిట్ ఊరినే పంచాడు. పెద్దనాయకన్‌పేట కుడిచేతికి, ముత్యాలపేట ఎడమచేతికి. ముత్యాలపేటలోని తంబుశెట్టి వీధిలో విశ్వబ్రాహ్మణుల కాళికాంబ గుడిలో నేటికీ దీపం వెలుగుతోంది. రెండు పేటల నడుమ పల్లపు నేల ఉండేది. పద్దెనిమిదో శతాబ్దం చివర స్టీఫెన్ పోఫమ్ ఆ పల్లాన్ని పూడ్పించి రోడ్డు వేయించాడు. అదే బ్రాడ్వే.

పంతం ఎంత చిన్న వస్తువు మీదైనా వాలేది. 1792 మొదలు ముప్పై ఏళ్లు ఈ దేశంలో ఉన్న అబ్బే దుబాయ్ అనే ఫ్రెంచి పాదిరి తన కళ్లతో చూసింది ఒకటి రాశాడు. చెప్పులు కుట్టే ఒకాయన వేడుకకు తలపాగాలో ఎర్రపూలు పెట్టుకొచ్చాడు. ఆ కులానికి ఆ హక్కు లేదని పరయాలు అడ్డుపడ్డారు. రెండు పక్షాలూ యుద్ధానికి సిద్ధమయ్యాయి. పైకులాలు రెండింటినీ అణచి ఉంచాయి, అణగి ఉన్నవాళ్లేమో పువ్వు దగ్గర కొట్టుకున్నారు.

ఇంకా విచిత్రమైన సంగతి మదురై సీమది. అక్కడి చక్కిలియన్లు, అంటే నేటి అరుంధతీయులు, చాలామంది తెలుగు మాట్లాడేవాళ్లే. వాళ్లలో మగవాళ్లది ఒక చెయ్యి, ఆడవాళ్లది ఇంకో చెయ్యి అని పందొమ్మిదో శతాబ్దంలో రాసిపెట్టారు. జట్ల గొడవ ముదిరిన రోజుల్లో భార్య భర్తను దగ్గరికి రానిచ్చేది కాదట. ఒకే పొయ్యి, ఒకే చాప, రెండు జట్లు. పక్కనున్న మనిషి కన్నా వీధి మాట బలమైనదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మరి అంత బలమైనది ఎలా పోయింది? ఎవరూ చట్టం చేసి తీసెయ్యలేదు. వీధి మారింది. 1842లో పచ్చయప్ప పేరిట బడి పెట్టారు. 1856లో రాయపురం నుంచి రైలు కదిలింది. పెట్టెలో చోటు టిక్కెట్టును బట్టే గానీ చేతిని బట్టి కాదు. 1852లో గాజుల లక్ష్మీనరసు శెట్టి మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. పన్ను వసూలు పేరుతో రైతుల్ని పెట్టే చిత్రహింసల గురించి ఆయన పోరితే, 1854లో విచారణ కమిషన్ వేయక తప్పలేదు. పౌరుషానికి కొత్త చోటు దొరికింది. పక్క వీధి మేళం మీద పోయే పౌరుషం దొర మీదికి మళ్లింది. 1928లో సైమన్ కమిషన్‌కు ఎదురుతిరిగి ప్రకాశం పంతులు పోలీసు తుపాకీకి గుండె చూపించింది ఇదే పట్నంలో. రెండు చేతుల మధ్య సరిహద్దుగా ఉన్న బ్రాడ్వే పేరు ఇప్పుడు ప్రకాశం సాలై.

చెయ్యి పోయింది, కులం పోలేదు. ఆ సంగతి నాకు తెలుసు. క్లాసులో ఎవరి పక్కన కూర్చోకూడదో ఇంట్లో నేర్చుకుని వచ్చిన ఆరేళ్ల పిల్లల్ని చూశాను. ఎందుకని అడిగితే వాళ్లదీ అవ్వ జవాబే, మా అమ్మ చెప్పింది అని. ప్రాణం పెట్టేంత గట్టిగా మూడొందల ఏళ్ల కిందటి మనిషి నమ్మినది, ఈ రోజు ఆయన వంశంవాళ్లకే గుర్తు లేదు. అంటే అది రక్తంలోది కాదు, వీధిలోది. మనం ఈ రోజు రక్తంలో ఉందని అనుకుంటున్నవి కూడా అలాంటివే. వీధి నేర్పినదాన్ని వీధే మరిపించగలదు. ఆ వీధి మనమే కాబట్టి ఆ పని కూడా మనదే.

పోయినేడు మా మేనకోడలి పెళ్లికి ఇంటి ముందు పందిరి వేయించాం. ఇనప పైపులు దించుతున్న కుర్రాణ్ణి అడిగాను, "ఎన్ని గుంజలు నాయనా?"

వాడు వాకిలి కొలిచి, ఆకాశంలోకి ఒకసారి చూసి చెప్పాడు.

"తొమ్మిది చాలమ్మా. వానొస్తే ఇంకోటి వేస్తాను."

"అలాగే కానీ," అన్నాను.